చర్చి ముందు ఏడు మెట్లు

మా చిన్నప్పుడు... చర్చి ముందు వరండా కోసం స్తంభాల గుంటలు తవ్వుతుంటే, మా మామ్మ వెళ్ళి ఒక గుంట పక్కన కూలబడింది.

"ఇక్కడ తవ్వకు నాయనా... నా పిల్ల ఉంది" అంది మేస్త్రితో.

మాది భీమడోలు దాటాక కొల్లేటి వైపు చిన్న ఊరు. చర్చి మిషనరీల కాలం నాటిది. పల్చటి పెద్ద ఇటుకలు, కొల్లేటి గుల్లలు కాల్చి చేసిన సున్నం... గోడ పెచ్చు ఊడితే లోపల నత్తగుల్ల ముక్కలు తెల్లగా కనిపించేవి.

మామ్మకి మొదటి కాన్పులో ఆడపిల్ల. మా నాన్న కంటే ముందు పుట్టి, నెల తిరక్కుండానే పోయింది. అప్పట్లో పసిపిల్లల్ని చర్చి వాకిట్లోనే పాతిపెట్టేవారట. గుర్తుకి రాయి పెట్టించే స్తోమత లేదు. అందుకని తాతయ్య చివరి మెట్టు నుంచి పాదం వెంట పాదం ఆనిస్తూ కొలిచి, "పన్నెండు పాదాలు... గుర్తుపెట్టుకో" అని మామ్మకి చెప్పారట.

చిక్కేమిటంటే, మామ్మ చెప్పే మెట్లు ఏడు. మాకు కనిపించేవి మూడే.

"ఏడు మెట్లుంటే అది చర్చి ఎందుకవుతుందండీ మామ్మగారూ, మేడ అవుతుంది!" అని నవ్వాడు మేస్త్రి.

"నవ్వు నాయనా, నవ్వు... ఆ మెట్ల ముందు తవ్వుతూ నవ్వు."

సంఘపెద్ద మెత్తటి మనిషి. "ఒక్క పూట పని ఆగితే ఏం పోయిందండీ, చూద్దాం" అని మెట్ల ముందు తవ్వించారు.

నాలుగో మెట్టు బయటపడింది. తర్వాత అయిదు... ఆరు... నేను స్కూలు స్కేలు పట్టుకుని గుంట అంచున కూర్చుని మట్టి పొరలు కొలిచాను. కొల్లేరు పొంగి వచ్చినప్పుడు నల్లటి ఒండ్రు ఒక పొర... ఆ తర్వాత వాకిలి మెరక చేయడానికి పోసిన ఎర్రమట్టి ఒక పొర... మళ్ళీ ఒండ్రు. పొద్దు వాలేలోగా ఏడో మెట్టు తేలింది. అంచు అరిగిపోయి నున్నగా ఉంది.

మేస్త్రి తలగుడ్డ తీసేశాడు. "తప్పయిపోయిందండి."

మామ్మ ఆ మెట్టు అంచుకి సూటిగా, పక్కన పైనేల మీద మడమ ఆనించి కొలవడం మొదలుపెట్టింది. పన్నెండో పాదం స్తంభం గుంటకి రెండడుగుల ఇవతలే ఆగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మేస్త్రి పలుగు అందుకున్నాడు.

మామ్మ మాత్రం కదల్లేదు. తన పాదాల వైపే చూసుకుంటూ... "కొలిచింది నేను కాదుగా, ఆయన" అంది.

తాతయ్య అప్పటికే లేరు. ఆయన చెప్పులు నాన్నకి అచ్చంగా సరిపోయేవి. "నువ్వు నడవరా అబ్బాయ్" అంది మామ్మ.

నాన్న చెప్పులు విడిచి నడిచారు. పన్నెండో పాదం వేళ్ళు స్తంభం గుంట అంచుకి తగిలాయి.

మోకాలి లోతు తవ్విన ఆ గుంటలోకి మేస్త్రే మట్టి నెట్టాడు. "ఈ స్తంభం అటు జరుపుతానండి."

"వరస తప్పుతుందేమో" అన్నారు సంఘపెద్ద.

"తప్పనివ్వండి. ఆ తల్లి పిల్ల మీద నేను స్తంభం నిలబెట్టలేనండి."

ఆ సాయంత్రమే మామ్మ నోట మా మేనత్త పేరు మొదటిసారి విన్నాం... కరుణ.

ఇప్పుడు వాకిలంతా టైల్స్ వేసేశారు. ఏడు మెట్ల సంగతి తెలిసినవాళ్ళం నలుగురైదుగురం మిగిలామేమో. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ స్తంభం చూసి "మేస్త్రికి చూపు ఆనలేదేమో" అంటుంటారు...

మీ ఊరి చర్చిలోనో, గుడిలోనో, మసీదులోనో ఇలా వరస తప్పినదేదైనా ఉందా అండీ? ఉంటే సరిచేసే ముందు ఒక్కసారి పెద్దవాళ్ళని అడగండి... వాళ్ళేం చెప్పారో మాకూ చెప్పండి.