పెద్ద సైకిల్ నాకే

మా పెళ్ళి ఫోటోల్లో నా కాళ్ళ కింద ఒక పీట ఉంది. అది కనబడకుండా ఫోటోగ్రాఫర్ జాగ్రత్తపడ్డాడు. నా భార్య నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. పెళ్ళైన నాటి నుంచి ఆమె ఎత్తు మడమల చెప్పులు కొనలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇద్దరం రోజూ బస్సులో పోయేవాళ్ళం. నేను ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో, ఆమె ఒక చీరల షాపులో. నాకు షుగర్ బయటపడ్డాక సైకిళ్ళు కొనుక్కుందామని ఆమే అంది. దుకాణంలో రెండు నచ్చాయి. చక్రాలు సమానమే, ఫ్రేమ్ మాత్రం ఒకదానిది పెద్దది, ఒకదానిది చిన్నది. అక్కడి ముసలి మెకానిక్ మా ఇద్దరినీ కిందినుంచి పైకి చూశాడు.

"చిన్నది నీకు తమ్మీ, పెద్దది అమ్మకు. సైకిల్‌కు అటొక కాలు ఇటొక కాలు ఏసి నిలబడితే బార్‌కు మనిషికి నడుమ జర సందుండాలె. పెడల్ కిందికి పోయినప్పుడు కాలు సాపుకోవాలె."

పక్కన సైకిళ్ళు చూస్తున్న ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది పెద్దాయనా, ఆడోళ్ళకు పెద్దది, మగోనికి చిన్నదా? పెద్దది నాకే" అన్నాను.

ఆయన నా భార్య వైపు చూశాడు. ఆమె చిన్న సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, "నాకు ఇదే మంచిగుంది" అంది.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. నా వాటాకు ఒక్కటీ వచ్చినట్టు లేదు. సీటు అడుగంటా దించుకున్నా కాలి వేళ్ళే నేలకు తగిలేవి. సిగ్నల్ పడితే కాలు ఆనించడానికి ఫుట్‌పాత్ అంచు వెతుక్కునేవాణ్ణి. హ్యాండిల్ అందక భుజాలు గుంజేవి. అయినా ఆమెకంటే ముందుండేవాణ్ణి. కొత్తపేట దగ్గర ఆగి, "గంత మెల్లగనా?" అని ఎక్కిరించేవాణ్ణి. ఆమె సీటు ఎంత లేపినా, మోకాళ్ళు మడుచుకునే తొక్కేది. మూడు నెలలకు ఒక మోకాలికి పట్టీ వచ్చింది. షాపులో పొద్దంతా నిలబడితే నొప్పి రాదా అన్నాను. నిజంగా అదే అనుకున్నానా అంటే, లేదు. ముసలాయన మాట గుర్తొచ్చిన ప్రతిసారీ తోసేశాను.

వానలు వెలిశాక బ్రేకులు బిగించుకోవడానికి ఇద్దరం మళ్ళీ ఆ దుకాణానికే పోయాం. ముసలాయన ఆమె పట్టీ చూశాడు, చిన్న సైకిల్ చూశాడు. నా సైకిల్ సీటు బెత్తెడు పైకి లేపి, ఆమెను ఎక్కించి, హ్యాండిల్ తాను పట్టుకున్నాడు.

"పెడల్ తిప్పు అమ్మా. ఎట్లుంది?"

"నొస్తలేదు" అంది. అని, వెంటనే తప్పు చేసినదానిలా నా వైపు చూసింది.

ఆ చూపుకు సిగ్గుతో చచ్చిపోయాను. పట్టీ వేసుకున్న మనిషి నాకు భయపడి నొప్పి లేదన్నందుకే జంకింది.

ఇంటికి పోతూ, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆయన చెప్పినప్పుడు నేను గూడ విన్న గద. నలుగుర్ల నీ మొకం చిన్నగైతదని ఊకున్న."

ఇప్పుడు చిన్న సైకిల్ నాది. సిగ్నల్ దగ్గర రెండు కాళ్ళూ హాయిగా నేలకు ఆనుతాయి. ఆమె ముందు పోయి, కొత్తపేట దగ్గర నా కోసం ఆగుతుంది. ఎక్కిరించదు. ఒక్కసారైనా ఎక్కిరిస్తే బాగుండనిపిస్తుంది.

మోకాలు మాత్రం పూర్తిగా కుదుటపడలేదు. ముసురు పట్టిన రోజు పట్టేస్తుంది, అప్పుడు బస్సెక్కుతాం. ఒక్క సీటు ఖాళీ అయితే, "నువ్వు కూసో, షుగర్ మనిషివి" అని నాకే చూపిస్తుంది. ఆమెనే కూర్చోబెట్టి పక్కన నిలబడతాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఆమెకంటే పొడుగ్గా కనబడతాను. తలెత్తబుద్ధి కాదు.