పాముచెవుల మాస్టారి వేలు

హెడ్‌సెట్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ పాముచెవుల మాస్టారు అనేవారు. వయసులో ఉండగా రేడియోలు బాగుచేసి బతికిన మనిషి. స్పీకరు మీద గోటితో కొట్టి, లోపల ఏ తీగ ఊడిందో చెప్పేసేవాడట. ఈ సంగతి ఊరంతా ప్రచారం చేసింది కూడా ఆయనే లెండి.

కొత్త మోడల్ తయారైందంటే అద్దాల గదిలో కూర్చుని, దాన్ని తలకి తగిలించుకుని, కళ్లు మూసుకునేవాడు. కంప్యూటర్ ఆటల్లో వచ్చే శబ్దాలు వరసగా వేసేవారు. వెనకనుంచి అడుగుల చప్పుడు, ఎడమపక్క తుపాకీలో తూటాలు నింపడం, ఎక్కడో దూరాన సీసా దొర్లడం. ఆడేవాడికి శత్రువు ఏ మూలనుంచి వస్తున్నాడో చెవే చెప్పాలి మరి. అంతా బాగుందనిపిస్తే చూపుడువేలు పైకెత్తేవాడు. వేలు లేచాక ఇంకెవరూ విని వంకపెట్టకూడదు. పదిమంది చెవులు పెడితే పని చెడుతుందని ఆ నియమం పెట్టించింది కూడా మాస్టారే.

అన్నిటికంటే ఖరీదైన మోడల్ ఆయన ముందుకొచ్చేనాటికి ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. మెత్తటి తోలు దిండ్లు, రంగురంగుల లైట్లు, నగలపెట్టెలాంటి డబ్బా. విన్నాడు, వేలెత్తాడు.

మర్నాడు ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే ఆవిడ, అందరూ చిన్నక్క అంటారు, డబ్బాలో పెట్టబోతున్న సెట్టుని మీట నొక్కి ఓసారి చెవులకి పెట్టుకుంది. తిన్నగా మాస్టారి గదికి వచ్చింది.

“మాస్టారూ, కుడివైపు సన్నగా ఈల వేస్తోందండి. ఏ శబ్దమూ లేనప్పుడు తెలుస్తోంది. ఇంకో నాలుగు చూశాను, అన్నీ అంతే.”

ఆయన పెట్టుకుని విన్నాడు. ఏమీ వినబడలేదు. ఆవిడ చెప్పింది నిజమేనని మాత్రం తెలిసిపోయింది. ఎందుకంటే, నెల కిందటే ఇంట్లో బట్టలుతికే మిషను పనైపోయాక కూత వేయకుండా మూగబోయిందని మెకానిక్‌ని పిలిపించాడు. అతను మీట నొక్కి, “కూత వేస్తోంది కదండీ?” అన్నాడు. మాస్టారి భార్య మొగుడి వంక అదోలా చూసింది. “ఓసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామా?” అంది. “నీదంతా చాదస్తం” అని ఆవిడ నోరు మూయించాడు గానీ, సన్నటి శబ్దాలు తనకి అందడం లేదని ఆయనకి ఆ రోజే అర్థమైంది.

అన్నీ తెలిసిన ఆ పెద్దమనిషి చిన్నక్కతో ఏమన్నాడు?

“నీ చెవిలో దోమ దూరి ఉంటుందమ్మా, చూపించుకో.”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. చిన్నక్క నవ్వలేదు. మేనేజరు దగ్గరికి వెళ్లింది. మేనేజరు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, “ఏమంటారు మాస్టారూ?” అని అడిగాడు.

“ఆవిడ చెవే నమ్మేట్టయితే ఆవిడనే నా కుర్చీలో కూర్చోబెట్టండి. నేను ఇంటికి పోతాను.”

ముప్ఫై ఏళ్లుగా లేస్తున్న వేలు ఒకవైపు, ప్యాకింగ్ బల్ల ఒకవైపు. తక్కెడ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? నియమం దాటిందని చిన్నక్కని ఆ వారమే పనిలోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “మీ మీద చాడీ చెప్పలేదండీ. వినబడింది, చెప్పాను” అంది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. నాకు వినబడటం లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట రాలేదు.

తర్వాత సెట్లు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. రవాణాలో దెబ్బతిన్నాయని సర్దిచెప్పుకున్నారు. రెండేళ్లకి శబ్దాన్ని కొలిచే యంత్రం కొన్నారు. వెనక్కి వచ్చిన సెట్టు ఒకటి దానికి తగిలిస్తే, తెరమీద గీత ఒకచోట సూదిమొనలా లేచింది. ఆ ఈలని మాస్టారు చివరికి కళ్లతో చూశాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు ముందు కుండబద్దలు కొట్టేశాడు. “నాకు వినబడదండీ. అప్పుడూ వినబడలేదు. నా కుర్చీ ఆవిడకివ్వండి.”

మేనేజరు యంత్రానికి తగిలించిన సెట్టు ఊడదీసి ఆయన చేతికిచ్చాడు. “సరే, ఈ సెట్టు ఇచ్చి చూడండి. ఈల ఉందని ఆవిడ పట్టుకుంటే రేపే చేర్చుకుంటాను” అన్నాడు.

మాస్టారు ఆ సెట్టునే సంచిలో పెట్టుకుని, వాకబు చేసుకుంటూ వెళ్లాడు. చిన్నక్క ఊరి చివర రేకు పళ్లాలు అచ్చువేసే షెడ్డులో పనిచేస్తోంది. మిషను దిగినప్పుడల్లా నేల అదురుతోంది. ఆవిడ చెవుల్లో దూది కూడా లేదు. మూడుసార్లు పిలిస్తేగాని తిరిగి చూడలేదు. ఆ రొదలో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాడు.

ఇద్దరూ షెడ్డుకి దూరంగా, చప్పుడు అందని గోడ పక్కన కూర్చున్నారు. దోమ అన్నందుకు, తెలిసీ అన్నందుకు, ఆవిడ పొట్ట కొట్టినందుకు, దాచుకున్నదంతా తలవంచుకుని చెప్పాడు. “క్షమించమ్మా” అన్నాడు.

“కాస్త గట్టిగా చెప్పండి మాస్టారూ” అంది చిన్నక్క.

మళ్లీ మొదటినుంచి చెప్పాడు, అరిచి. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, “పోనీలెండి, ఇన్నాళ్లకైనా అన్నారు” అంది. ఆయన సంచిలోంచి సెట్టు తీసి ఇచ్చాడు. చిన్నక్క మీట నొక్కి దాన్ని పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నది.

“ఈల పోయింది మాస్టారూ! బాగుచేశారన్నమాట.”

సెట్టు పాతదే. ఒక్క మర కూడా విప్పలేదు. ఆ మాట మాస్టారి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“నువ్వు చెప్పావుగా, బాగుచేశాం” అన్నాడు, ఆవిడకి వినబడేలా గట్టిగా.

చిన్నక్క మురిసిపోయింది. అచ్చం ఆయనలాగే కళ్లు మూసుకుని, చూపుడువేలు పైకెత్తింది.