స్టూడియో గోడ మీది నాటకాలామె

లక్సెట్టిపేటలో మా ఫోటో స్టూడియోకి ఎవరొచ్చినా ఒకటే కోరిక, జర తెల్లగా చెయ్యక్కా అని. పెళ్లిచూపుల ఫోటో అయినా, పోయినవాళ్ల ఫ్లెక్సీ అయినా అంతే. చచ్చాక కూడా ఈ తెలుపు పిచ్చేమిటని నాకు ఒళ్లు మండుతుంది. మండినా చేసిస్తాను, పొట్ట గడవాలి కదా. అందుకే పోయిన ఏడు వచ్చిన పెద్దమ్మను నేను మరిచిపోలేను.

ముందు మా గోడ మీది ఫోటో సంగతి చెప్పాలి. బెల్లంపల్లిలో గని దొరల పాత బంగళా సామాను అమ్ముతుంటే, ఫ్రేములు పనికొస్తాయని మా బాపు ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. అందులో దొరికింది ఒక ఇంగ్లండు ఆమె ఫోటో. విక్టోరియా రాణి కాలంలో అక్కడ నాటకాలు ఆడిన మనిషని కింద అట్ట మీద అచ్చేసి ఉంది. నలుపు తెలుపు ఫోటోకి ఎవరో సన్నని కుంచెతో రంగులు అద్దారు. చెంపలకు లేత గులాబీ, గౌనుకు నీలం, భుజం మీదికి జారిన జుట్టుకు తేనెరంగు. కళ్లు మాత్రం మన వైపు ఉండవు. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టు పక్కకు చూస్తుంటాయి.

కలర్ ఫిల్ములు మా ఊరికి రాని రోజుల్లో బాపు కూడా ఫోటోలకు చేత్తోనే రంగులు వేసేవాడు. ఆమె చెంపలు చూసే నేర్చుకున్నానని చెప్పేవాడు. రంగు వేసినట్టు కనపడకూడదు, తోలు కింద రక్తం కనపడాలి అనేవాడు. బాపు పోయాక స్టూడియోలో అన్నీ మార్చాను గానీ ఆమెను మాత్రం కదపలేదు.

పెద్దమ్మది చెన్నూరు దిక్కు ఒక పల్లె. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస దగ్గరికొచ్చింది, తన బాపు ఫోటో పెద్దది చేయించాలట. నేను ఆ పనిలో ఉంటే ఆమె గోడ వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన సంగతి తనే చెప్పుకొచ్చింది.

ఆమెను కన్న పురిట్లోనే తల్లి పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. పెత్రమాస నాడు ఇంట్లో పోయినవాళ్లందరి ఫోటోలకూ బొట్టుపెట్టి దండలు వేస్తారు, తల్లి పేరు మీద మాత్రం పీట మీద ఒక రైకబట్ట పెడతారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రైకబట్టకే దండం పెడుతోంది. అవ్వ, అదే కన్నతల్లి, ఎట్లుండేదని అడిగితే మేనత్త చెప్పింది ఇంతే. జుట్టు ముడిలో నిలిచేది కాదు, భుజం మీదికి జారేది. ఎప్పుడు చూసినా ఎవరో పిలిచినట్టు పక్కకు చూసేది.

"గోడ మీదామె గట్లనే ఉన్నది," అంది. "ఆమెను మా అవ్వను చెయ్యి."

కొడుకు తల పట్టుకున్నాడు. తాత పక్కన ఇంగ్లీషామెను పెడితే ఊరంతా నవ్వుతుందని గొణిగాడు. నాకూ మనసొప్పలేదు. ఎవరికీ ఇవ్వబుద్ధికాని బొమ్మ అది, పైగా ఉన్నమాట చెప్పకుండా చేస్తే మోసం.

"పెద్దమ్మా, ఆమె నాటకాలామె. ఇంగ్లండు మనిషి. మీ అవ్వ కాదు," అన్నాను.

"నాకెరుక లేదా? నాటకాలామె అయితే ఇంకా మంచిది. ఎందరి యేషమో కట్టుంటది. మా అవ్వ యేషం గూడ ఒక్కపారి కట్టనీ."

కొడుకే స్టూలు జరిపి గోడ కింద వేశాడు. నేను లేచి ఫోటో దింపి స్కానర్ మీద పెట్టాను.

గౌను తీసేసి నేతచీర కట్టించాను. ముక్కుపుడక, పుస్తెలు, బొట్టు పెట్టాను, జుట్టు నల్లబరిచాను. పెద్దమ్మ పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. చెంపల దగ్గరికి వచ్చేసరికి ఆగమంది. తన ముంజేయి చాపి కంప్యూటర్ తెరకు ఆనించి, గీ రంగు రావాలె అంది. ఇన్నేళ్లలో ఫోటోలో మనిషిని నల్లగా చేయమని నన్ను అడిగింది ఆమె ఒక్కతే. నలుపు వేశాను గానీ, దాని కింద గులాబీ రవ్వంత ఉండనిచ్చాను.

ప్రింటు తీసి ఫ్రేములో బిగించి చేతికిచ్చాను. పెద్దమ్మ ఒళ్లో పెట్టుకుని కొంగుతో ఒకసారి తుడిచింది, మళ్లీ తుడిచింది. నచ్చలేదేమోనని నాకు బుగులు పట్టుకుంది. వయసు కొంచెం పెంచాలా, జుట్టు నెరిసినట్టు చెయ్యాలా అని తెలివితక్కువగా అడిగాను కూడా. ఆమె నా వైపు తిరగనేలేదు. ముడతలు పడ్డ చేత్తో ఆ పడుచు చెంపను నిమురుతూ ఫోటోతోనే మాట్లాడింది.

"ఎంత చిన్నపిల్లవే బిడ్డా," అంది వాళ్లమ్మను.