రొస్మా అక్క పసుపు చేతులు

మా చిన్నప్పుడు... అరబ్బు దేశంలో, దార్సైట్‌లో మా ఫ్లాట్ వంటింట్లో, ఫ్రిజ్ తలుపు మీద ఒక ఉత్తరం ఐదు రోజులు అలాగే అంటుకుని ఉంది. పాల కోసం తలుపు తీసిన ప్రతిసారీ అది రెపరెపలాడేది... అమ్మ చూపు తిప్పుకునేది.

ఆ ఉత్తరం రొస్మా అక్కది. మా ఇంట్లో పని చేస్తూ మాతోనే ఉండేది. సుమత్రా దీవిలో తోబా అనే పెద్ద సరస్సు ఒడ్డున చిన్న పల్లె వాళ్ళది. బతాక్ తెగ జనం. వరి, ఉల్లి పండించుకు బతికే ముప్పై గడపల ఊరు. ఆదివారం గంట మోగితే చేలో పని ఆపి ప్రార్థనకు పోయేవాళ్ళు... అచ్చం మా అమ్మమ్మ ఊళ్ళోలాగే.

నాలుగేళ్ళలో మా తెలుగు పట్టేసింది. "మా గోదావరి చూశావటే, అవతలి గట్టు కనపడదు" అని అమ్మ అంటే, కూర కలుపుతూనే "మేడమ్, మీ గోదారి మా ఊరొస్తే కాలవ అంటారు" అనేది. అమ్మ అట్లకాడ ఎత్తేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

ఆ ఐదు రోజులూ ఆ నవ్వు లేదు.

ఉత్తరం రాసింది అక్క తమ్ముడు. కోతలయ్యాక వాళ్ళ అమ్మ ఎముకలు తీస్తున్నారట. అది వాళ్ళ ఆచారం. మట్టిలో పెట్టిన పెద్దవాళ్ళను కొన్నేళ్ళకు పైకి తీసి, నిమ్మరసం, పసుపు కలిపిన నీళ్ళతో కడిగి, చేత్తో నేసిన గుడ్డలో చుట్టి, పొలాల మధ్య కట్టిన రాతి సమాధిలో పెడతారు. వాళ్ళింట్లో కూతురే కడగాలి. ఆ ఇంటికి కూతురు ఒక్కతే. చుట్టాలంతా కూడే రోజు, వాయిదా ఉండదు. శనివారం విమానం ఎక్కకపోతే ఇక అంతే.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా తమ్ముడికి ఆరు నెలలు. పదిహేను రోజులు అక్క లేకపోతే డ్యూటీకి ఎలా వెళ్ళడం? నాన్న తను పనిచేసే సొహార్ సైట్ నుంచి ఫోన్‌లో "నీ ఇష్టం" అని తప్పుకున్నారు.

గురువారం సాయంత్రం అక్క అడిగేసింది. అమ్మ ఇస్త్రీ చేస్తోంది. నేను బల్ల దగ్గర సండేస్కూల్ కంఠతా వాక్యాలు వల్లె వేస్తున్నాను. నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు కంఠతా పోటీలో మొదటి బహుమతి నాదే.

"మేడమ్... ఎల్లుండి ఫ్లైట్. పాస్‌పోర్టు ఇస్తారా?"

"అదేం ఆచారమే రొస్మా! ఎముకలు కడగడమేమిటి? మనం దేవుని బిడ్డలం కామూ?"

"మీరు నవంబర్లో ఊరెళ్ళి తాతగారి సమాధికి సున్నం కొడతారు. కొవ్వొత్తి పెడతారు. మీరు రాయి కడుగుతారు, నేను అమ్మను కడుగుతాను. తేడా ఏంటి మేడమ్?"

అమ్మ ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి నిలబడింది. నాకు బాగా గుర్తు... చెయ్యి, అక్క పాస్‌పోర్టు దాచిన బీరువా తాళాల దాకా వెళ్ళింది. ఒప్పుకోబోతోంది.

అప్పుడు నేను నోరు తెరిచాను.

"అమ్మా, చచ్చినవాళ్ళ సంగతి చచ్చినవాళ్ళకే వదిలెయ్యమన్నాడుగా ప్రభువు! నాన్నను పాతిపెట్టి వస్తానన్నవాణ్ణి కూడా వెళ్ళనివ్వలేదుగా!"

అధ్యాయం, వచనం కూడా చెప్పాను. ఒక్కసారి కూడా తడుముకోకుండా.

చొక్కా మాడిన వాసన వచ్చింది. అమ్మ గబుక్కున పెట్టె ఎత్తింది. నన్ను చూడలేదు, అక్కనూ చూడలేదు. "విన్నావుగా... పిల్లకున్న జ్ఞానం మనకు లేకపోయె" అంది.

సహోదరీ సహోదరులారా, ఆ పూట మా అమ్మకు కావలసింది వాక్యం కాదు. సాకు! దాన్ని వాక్యంలో చుట్టి అందించింది నేను.

శనివారం విమానం అక్క లేకుండానే వెళ్ళిపోయింది. మరుసటి వారం ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అక్క వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు తప్పేలాలో పసుపు నీళ్ళు. పక్కన పిండేసిన నిమ్మచెక్కలు. మణికట్ల దాకా చేతులు ఆ నీళ్ళలో ముంచి, వేళ్ళు మెల్లగా కదుపుతోంది... దేన్నో పట్టుకుని తోముతున్నట్టు. నీళ్ళలో ఏమీ లేదు.

"ఏం చేస్తున్నావక్కా?"

"మా ఊళ్ళో ఇప్పుడు కడుగుతున్నారు పాపా."

ఆ పసుపు నాలుగు రోజులు పోలేదు. ఆ చేతులతోనే నాకు అన్నం వడ్డించింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది. ఆ ఏడాది చివర కాంట్రాక్టు అయిపోయి వెళ్ళింది... మళ్ళీ ఉత్తరం రాయలేదు.

నేను పాస్టరమ్మను కాను. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. నాకు నేనే చదువుకున్నాను. పంతొమ్మిదో ఏట గ్రంథం మొదటి పేజీ నుంచి చదువుతుంటే దొరికాడు యోసేపు! పరాయి దేశంలో చనిపోతూ, నా ఎముకలు ఇక్కడ వదలొద్దని అన్నదమ్ముల చేత ఒట్టు వేయించుకున్నాడు. తరతరాల తర్వాత బానిసత్వం వదిలి, పిండి పులిసేదాకా కూడా ఆగకుండా బయల్దేరిన అతని జనం ఆ ఎముకలను మాత్రం మరిచిపోలేదు. నలభై ఏళ్ళు ఎడారిలో మోశారు!

ఆ పేజీ కూడా అందులోనే ఉంది. బహుమతి కొట్టిన పిల్లకు అది తెలియదు.

ఇప్పుడు బౌషర్‌లో శుక్రవారం సెలవునాటి ప్రార్థన కూడికలో నేను వాక్యం చెబితే నిప్పు కురుస్తుందంటారు. ఆ నిప్పు మొదట ఎవరిని కాల్చిందో నాకు తెలుసు. అందుకే ఎవరైనా వచ్చి "ఇలా చేయొచ్చా అక్కా?" అని అడిగితే, గ్రంథం తెరిచే ముందు ఆ మనిషి చేతులకేసి చూస్తాను.

మొన్న మా పక్క ఫ్లాట్‌లో పనిచేసే అమ్మాయి, ఊళ్ళో తల్లి అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసింది. మాటిమాటికీ చున్నీతో ఫోన్ అద్దం తుడుస్తూ చూసింది. మా రోజుల్లో ఉత్తరం ఫ్రిజ్ మీద ఐదు రోజులు ఎదురుచూసేది. ఇప్పుడు క్షణంలో ఊరంతా అరచేతిలోకి వస్తోంది... చేతులు మాత్రం ఇంకా ఇక్కడే ఉండిపోతున్నాయి.

మీ ఇంట్లోనూ సెలవు అడిగి ఆగిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఆ పేరు కింద కామెంట్లలో రాయండి. ముందు నేను రాస్తున్నాను...

రొస్మా.