ఆడవాళ్ళ వంతు నాలుగింటికి

ఇర్మెలి తొల్వానెన్‌కు డాక్టరేట్ ఉంది, పదకొండేళ్ళ అనుభవం ఉంది. సరస్సులో ముయిక్కు అనే చిన్న చేపలు ఒక ఏడు విరగబడి వచ్చి, మరుసటి ఏడు ఎందుకు చస్తాయో కూడా దాదాపు తెలుసు. లేనిదల్లా మోటారు పడవ.

పడవ చేపల పరిశోధన కేంద్రానిదే. కానీ మే నెలలో మంచు కరిగి, రెండు కళ్ళూ ఒక తోకా తప్ప ఇంకేమీ లేని పిల్లచేపలు ఒడ్డుకు చేరే ఆ రెండు వారాలూ అది రిపత్తి చేతిలో ఉండేది. రిపత్తి పైక్ చేపల నిపుణుడు. ఆయన పరిశోధన గేలంతో మొదలై పెనం మీద ముగిసేది. ఇర్మెలి తెడ్లు వేసుకుంటూ సరస్సులో ఒక్క మూల మాత్రం తిరిగి వచ్చేది. ఆమె పత్రికలకు పంపిన వ్యాసాలు "ఒక్క మూల చూసి సరస్సంతటి గురించి ఎలా చెబుతారు?" అన్న చీటీతో తిరుగు టపాలో వచ్చేవి. అడిగినవాళ్ళది తప్పని ఆమె కూడా అనలేకపోయేది.

పంపకాలన్నీ జరిగేది శుక్రవారం సాయంత్రం, ఒడ్డునున్న ఆవిరి స్నానాల కొట్టంలో. నాలుగు నుంచి అయిదున్నర దాకా ఆడవాళ్ళ వంతు, తర్వాత మగవాళ్ళది. డైరెక్టర్ హక్కరైనెన్, రిపత్తి, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు మొలకు గుడ్డయినా లేకుండా చెక్కమెట్ల మీద కూర్చుని, కాలే రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ, పడవ ఎవరికో, స్టాక్‌హోమ్ సభకు ఎవరు వెళ్ళాలో తేల్చేసేవారు. సోమవారానికల్లా ఆ తీర్పులు నోటీసు బోర్డెక్కేవి.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వసంతంలో ఇర్మెలి డైరెక్టర్ గదిలోకి వెళ్ళి నిలదీసింది.

"పడవ సంగతి మనం ఎప్పుడు చర్చించామండీ?"

"చర్చేముందమ్మా, స్నానం చేస్తుంటే మాటల్లో వచ్చింది."

పక్కనే ఉన్న రిపత్తి కిసుక్కున నవ్వాడు. "నువ్వూ రావచ్చుగా ఇర్మెలీ, మాకేం సిగ్గు లేదు."

"నాకూ లేదు. కానీ మీరంతా నా శాంపిల్ చిన్నదంటారు. అక్కడికొస్తే నేనూ ఏదో ఒకటి అనాల్సి వస్తుంది."

డైరెక్టర్‌కు కాఫీ పొలమారింది. పడవ మాత్రం రాలేదు.

ఆ శుక్రవారం తమ వంతులో ఆమె ఆ గోడు వంటమనిషి హిల్యాతోనూ, ఆఫీసు గుమాస్తా ఐలితోనూ వెళ్ళబోసుకుంది.

"వాళ్ళ మాటలు నాకు తెలీవా? వాళ్ళ వంతులోనూ కట్టెలు ఎగదోసేది నేనేగా," అంది హిల్యా. "సగం వాన గురించి, సగం చేపల గురించి, మిగతాది నీ గురించి."

ఐలి చెమట తుడుచుకుంది. "పడవ రిజిస్టర్ నా బల్ల మీదే ఉంటుంది. అందులో ఏం రాసినా డైరెక్టర్ గారు చదవకుండా సంతకం పెడతారు. పోయినేడు తన సెలవు కుదరదన్న కాగితం మీద తానే సంతకం పెట్టుకున్నారు."

"అది మోసం కదే?" అంది ఇర్మెలి.

"మోసమెందుకవుతుంది? వాళ్ళు అయిదుగురు కూర్చుని తేలుస్తారు, మనం ముగ్గురం. మనమూ ఇక్కడ పనిచేసేవాళ్ళమేగా?"

"అభ్యంతరం ఉన్నవాళ్ళు బయటికి పోవచ్చు," అంటూ హిల్యా ముంతెడు నీళ్ళు రాళ్ళ మీద గుమ్మరించింది. ముగ్గురికీ ఊపిరాడలేదు. ఎవరూ లేవలేదు.

సోమవారం బోర్డు మీద ఇలా ఉంది: మోటారు పడవ, మే పది నుంచి ఇరవై అయిదు వరకు, డాక్టర్ తొల్వానెన్. కింద డైరెక్టర్ సంతకం. రిపత్తి ఆ కాగితం పీక్కుని డైరెక్టర్ గదికి ఉరికాడు. ఇర్మెలీ వెనకే వెళ్ళింది.

"ఎవరు తేల్చారిది?"

"శుక్రవారం స్నానాల దగ్గర తేలింది," అంది ఇర్మెలి.

"నేనూ ఉన్నానుగా! మేమేం అనుకోలేదే!" అన్నాడు రిపత్తి.

"మీరు అయిదున్నరకొచ్చారు. అప్పటికే అయిపోయింది."

హక్కరైనెన్ తన సంతకం వంక చాలాసేపు చూశాడు. కొట్టేస్తే చదవకుండా పెట్టానని ఒప్పుకోవాలి. "ఇకమీదట ఇవన్నీ మంగళవారం తొమ్మిదింటికి," అని గొణిగాడు, "బల్ల ముందు, బట్టలేసుకుని."

ఆ మే నెలలో ఇర్మెలి పదకొండు ఒడ్లు తిరిగింది. చలి వల్ల పిల్లచేపలు చస్తున్నాయని ఆమె అనుకున్నది తప్పని తేలింది. ముందటేటి చేపలే వాటికి దక్కకుండా మేతంతా ఊడ్చేస్తున్నాయి. తన పొరపాటు తనకు తెలియడానికే ఆమెకు పడవ కావలసివచ్చింది. ఈసారి వ్యాసం తిరిగి రాలేదు.

మంగళవారం సమావేశాలు మాత్రం నరకం. రిపత్తి వలకళ్ళ కొలతల గురించే గంటసేపు మాట్లాడేవాడు. "దీనికోసమా నేను కొట్లాడింది?" అని ఇర్మెలి హిల్యా ముందు వాపోయేది, కానీ ఒక్కటీ ఎగ్గొట్టలేదు. నాలుగేళ్ళలో ఇద్దరు అమ్మాయిలు శాస్త్రవేత్తలుగా చేరారు. మొదటి వారమే పడవ కావాలని అడిగారు, అదేదో మామూలు సంగతన్నట్టు. ఇర్మెలికి ముచ్చటేసింది, కాస్త ఒళ్ళూ మండింది.

తర్వాతి ఏళ్ళలో డైరెక్టర్ పదవికి ఆమె రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండోసారి అది ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి దక్కింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు సరస్సులో మంచు పగులుతోంది. ఆమె కవరు చింపి, చదివి, ఆ పదవి పంచిన హెల్సింకీ పెద్దలను ఒక్కొక్కరినే పేరుపేరునా తిట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుని పనిలోకి వెళ్ళింది.