జీడిమెట్ల నుంచి తెచ్చిన మెమరీ కార్డు

1978. శేరిలింగంపల్లి దగ్గర రాళ్ల గుట్టల మధ్య ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. మా పాత మినీ కంప్యూటర్‌లో మెమరీ కార్డు ఒకటి చెడిపోయింది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, దానికి జత కుదిరే కార్డు వెతకడం నా తలకు చుట్టుకుంది. ఒక్కో వర్డ్‌లో ఉండే బిట్లు, చదివే వేగం, కనెక్టర్ పిన్నులు అన్నీ కలవాలి. పిన్నులు సరిపోయాయి కదా అని తోసేస్తే ఉన్న మిషన్ కూడా కాలిపోతుంది.

జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ అదే మోడల్‌ను తుక్కు కింద అమ్ముతోందని తెలిసి వెళ్లాను. ఆ కంప్యూటర్‌తో నడిపే రియాక్టర్ పేలి ఆపరేటర్ యాదగిరి చనిపోయాక, కంప్యూటర్‌ను మూలన పడేశారట. కార్డు ఊడదీసుకుని వస్తుంటే గేటు దగ్గర అతని భార్య మల్లమ్మ ఎదురైంది. అతను నిద్రపోవడం వల్లే ప్రమాదం జరిగిందని తేల్చేసి, ఆమెకు ఇవ్వాల్సిన ఉద్యోగం ఆపేశారు.

"మా ఆయన డ్యూటీల పండుకునేటోడు కాదు సారూ. ఆ మిషన్‌కు తెల్వదా?" అంది.

నాకు చాలా జాలేసింది. కార్డు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు కార్డు బిగించాను. మామూలుగా అయితే ముందు సున్నాలు నింపి తుడిచేస్తాం. అసలు పలుకుతుందో లేదో చూద్దామని, ప్రోగ్రామ్ టేపు ఎక్కించకుండానే స్టార్ట్ నొక్కాను. గదిలో నేనొక్కణ్ణే. కంప్యూటర్ చెప్పేది కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్, ఎవరూ ముట్టకుండానే టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఉష్ణోగ్రత అంకె, పక్కన 'ఆపరేటర్: కూలింగ్ ఆన్'. ఇంకా పెద్ద అంకె, మళ్లీ 'కూలింగ్ ఆన్'. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను.

అప్పటి మెమరీని కోర్ అనేవాళ్లం. తీగలకు గుచ్చిన ఆవగింజంత అయస్కాంతపు రింగులు. కరెంటు తీసేసినా చివరగా రాసింది, ఫ్యాక్టరీ ప్రోగ్రాముతో సహా, అలాగే ఉంటుంది. అదంతా చదువుకున్నవాణ్ణే. అయినా చచ్చిపోయిన మనిషి ఇచ్చిన ఆదేశాలు కళ్ల ముందు అచ్చవుతుంటే ఆ చదువు ధైర్యమివ్వలేదు. చల్లార్చమని అతను చెబుతూనే ఉన్నాడు, మిషన్ వినలేదు.

ఆ కాగితం చూపించాక మా డైరెక్టరు గారు గట్టిగా అడిగితే ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. మల్లమ్మనూ పిలిపించి, ఇద్దరి ముందూ మళ్లీ నడిపాను. మేనేజరు ఆ కాగితం చింపి తీసుకుని మొదటి నుంచి మళ్లీ చదివాడు. తర్వాత నిద్ర మాట కొట్టేసి, ఆమెకు ప్యాకింగ్‌లో పని ఇచ్చారు.

ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు. ఆ రోజు చప్పుడు ఆగాక టెలిటైప్ మీద చెయ్యి పెట్టి, "ఇంకోసారి కొట్టియ్యి సారూ, వింట" అంది.

ఆ తర్వాత ఏ పాత కార్డు తెచ్చినా బిట్లు, వేగం, పిన్నులు ఎప్పటిలాగే సరిచూసేవాణ్ణి. తుడిచే ముందు మాత్రం, లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసేవాణ్ణి.