ఉల్లిపొర రంగు నీడ

మా అంగడిలో ఏ రంగునూ లోపల తేల్చరు. ఎవరైనా చీర తెచ్చి దానికి జాకెట్టు ముక్క కావాలంటే, నాయన దగ్గర దగ్గరగా ఉన్న నాలుగైదు ముక్కలు తీసి, వాటిని చీరతో సహా భుజాన వేసుకుని గడప దాటి వీధిలోకి వెళ్తాడు. వెనకే చీర తెచ్చినామె. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి, ఆటోవాళ్ళు హారన్ కొడుతున్నా కదలకుండా, గుడ్డను ఎండకు పట్టి చూస్తారు. బెంగళూరు పేటలో మ్యాచింగ్ సెంటర్ నడిపే పాతవాళ్ళందరికీ ఈ అలవాటుంది. ట్యూబులైటు కింద మెరూన్లన్నీ అక్కచెల్లెళ్ళలాగే కనిపిస్తాయి, ఎండలోకి వస్తేగానీ ఎవరెవరో తెలియదు. చిన్నప్పుడు నాకిది చచ్చేంత సిగ్గుగా ఉండేది. నేను బడి నుంచి వచ్చే వేళకు మా నాయన ఎవరిదో పట్టుచీర కప్పుకుని నడివీధిలో నిలబడి ఉండేవాడు.

ఒకప్పుడు ఆ వీధిలో నిలబడాలంటే చోటు దొరికేది కాదు. కె.ఆర్.పురం నుంచీ, జిగణి నుంచీ, హోసూరు రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళ నుంచీ పెళ్ళివాళ్ళు దిగేవాళ్ళు. తర్వాత పైపుల కోసమని ఒకసారి, కేబుళ్ళ కోసమని ఒకసారి రోడ్డు తవ్వారు. పూడ్చాక వన్‌వే అయింది. బస్సు ఆగే చోటు పక్క వీధికి పోయింది. జనం మాల్‌కు వెళ్ళడం నేర్చుకున్నారు, మాల్‌కు వెళ్ళనివాళ్ళు ఫోన్లో కొనడం నేర్చుకున్నారు. మా వరసలో ఆరు షట్టర్లు దిగిపోయాయి. ఎదురుగా ఇత్తడి సామాన్ల అంగడి పెద్దాయన మధ్యాహ్నం గంగాళాల మధ్య కుర్చీ వేసుకుని హాయిగా గుర్రు పెట్టేవాడు. ఆయనే మా వీధి వర్తకుల సంఘానికి అధ్యక్షుడు.

నేనూ అప్పట్లో దాదాపు షట్టరు దింపుకునే ఉన్నాను. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ యూనిట్ ఆఫీసులో పన్నెండేళ్ళు చేశాను. ఒకరోజు మా సెక్షన్ మూసేస్తున్నామన్నారు. ఇంటికొచ్చి ఒక ఏడాది పాటు గోడను చూస్తూ కూర్చున్నాను. తల దువ్వుకోవడం కూడా పెద్ద పని అనిపించేది. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. నాయన వంట చేసి, నా కంచం నా ముందు పెట్టి, ఏమీ అడక్కుండా అంగడికి పోయేవాడు. చివరికి ఆయన మౌనం భరించలేక నేనే ఒకరోజు ఆయన వెంట బయల్దేరాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్ల కవర్లు అమ్మే ఒకాయన మా అంగడిని తనకిమ్మని తిరుగుతున్నాడు. తాతల నాటి అంగడి కదా, నాయన వెంటనే సరే అనలేదు, కాదనీ అనలేదు. వైశాఖం పెళ్ళిళ్ళు అయ్యేదాకా చూద్దాం పాపా, వీధి లేస్తే ఉందాం, లేకపోతే ఇచ్చేద్దాం అన్నాడు. డెబ్బయి దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, ఖాళీ అంగడిలో ఈగలు తోలుకుంటూ ఎందుకు కూర్చోవాలి? ఆయన మాట న్యాయమే. కానీ నాకు ఎక్కడో మండింది. ఒక చోటు నా కళ్ళ ముందే మూతపడటం ఒకసారి చూశాను, రెండోసారి చూడదల్చుకోలేదు. వీధిని లేపితే చాలు కదా, లేపుతాను అనుకున్నాను.

సంఘం మీటింగుకు వెళ్ళి నోరు మూసుకోకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. కార్యదర్శిని చేస్తారు. నెల తిరిగేసరికి షట్టర్లకు రంగులు వేయించాను, కాలువల మీద పలకలు కప్పించాను, రెండు చోట్ల బెంచీలు పెట్టించాను. అయినా ఎండ వేళ వీధిలో కాకి కూడా వాలదు. బెంగళూరు ఎండ ఇప్పుడు మునుపటి ఎండ కాదు కదా. ఏదో దేశంలో వీధి పొడుగునా పైన గుడ్డలు కట్టి నీడ చేసుకున్న ఫోటో ఫోన్లో చూశాను. అంతే, నాకు పూనకం వచ్చింది.

గుడ్డ కట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. గుడ్డ రంగు దగ్గర మాత్రం మూడు మీటింగులు పట్టాయి. కాషాయమంటే ఒకరికి పడలేదు, పచ్చ అంటే ఇంకొకరికి పడలేదు. నీలం ఒకరిది, ఎరుపు ఇంకొకరిది. ఏ రంగు ఎత్తినా వెనక ఒక జెండా ఉంది. గులాబీ అయితే ఎవరికీ సంబంధం లేదు కదా అని నేను తెలివిగా అన్నాను. మా వీధిలో మూటలు మోసే పాలమూరు ఆయన తలుపు దగ్గర నిలబడి, మా దిక్కు అది కూడా ఒక పార్టీదేనమ్మా అన్నాడు. మీటింగు మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి నేనే మా అంగడిలోంచి ఒక గుడ్డ తాను తెచ్చి బల్ల మీద విప్పాను. ఉల్లిపొర రంగు. లేత గులాబీ కాదు, వంకాయ కాదు, రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఈ భూమ్మీద ఏ పార్టీ కన్నూ ఆ రంగు మీద పడలేదు. చేతులన్నీ లేచాయి.

రంగులు అమ్మి బతికే కుటుంబంలో పుట్టిన మనిషిని, వీధి నడినెత్తిన ఒక రంగు కడితే కింద ఏమవుతుందో నాకు తట్టలేదు. ఆ మీటింగులో నాయన కూడా ఉన్నాడు. నా వైపు చూసి మెల్లగా నవ్వాడు, అందరికంటే చివర చెయ్యెత్తాడు.

శివరాత్రి వెళ్ళిన వారానికి గుడ్డ పైకెక్కింది. అబ్బ, ఎంత బాగుందో! వీధి మొత్తం పెళ్ళి పందిరిలా మారిపోయింది. కాలేజీ ఆడపిల్లలు గుంపులుగా వచ్చి వీడియోలు తీసుకున్నారు. వాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు వచ్చారు. ఆరు షట్టర్లలో మూడు లేచాయి. ఇత్తడి అంగడి పెద్దాయనకు మధ్యాహ్నం నిద్ర కరువైంది, నన్ను చూసినప్పుడల్లా ఆ సంగతి ఫిర్యాదులా చెప్పి మురిసిపోయేవాడు. నేను మళ్ళీ గట్టిగా నవ్వడం మొదలుపెట్టాను, జడలో పూలు కూడా పెట్టుకున్నాను. గుడ్డ నాది అన్నట్టే తిరిగాను.

నన్ను చికాకు పెట్టింది ఒక్క నాయనే. అంగడికి జనం వచ్చే వేళకు సరిగ్గా మాయమయ్యేవాడు. ఎవరైనా చీర తెచ్చీ తేగానే ముక్కలు భుజాన వేసుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని బయటికి పోయేవాడు. ఇదివరకు రెండు నిమిషాల్లో తిరిగొచ్చే మనిషి, ఇప్పుడు పావుగంటైనా వచ్చేవాడు కాదు. వచ్చేసరికి ముఖమంతా చెమట, బల్ల పట్టుకుని గానీ కూర్చోలేడు. కూర్చున్నాడో లేదో ఇంకో చీర, ఇంకో ప్రయాణం. మా వరసలో మిగతా మూడు మ్యాచింగ్ సెంటర్ల వాళ్ళదీ ఇదే తంతు. టీ బంకు దగ్గర కబుర్లు మరిగారని నిర్ణయించేశాను. బేరాల వేళ ఎవరూ అంగడి వదలి వెళ్ళరాదని సంఘంలో తీర్మానం కూడా పెట్టించాను. నాయనతో సహా అందరూ దానికీ బుద్ధిగా చెయ్యెత్తారు.

అదే మీటింగులో నేను ఇంకో సంగతి ప్రకటించాను. వానలకు తడవని గుడ్డ ఇదే రంగులో దొరుకుతుంది, అది కట్టేస్తే ఏడాది పొడుగునా నీడే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం షట్టరు దించుతూ నాయన, వైశాఖం అయినాక అంగడి ఆ కవర్లాయనకు ఇచ్చేద్దాం పాపా అన్నాడు.

వీధి లేచింది కదా, ఇంకా ఏం కావాలి? బేరాలు కూడా పుంజుకున్నాయి. అడిగితే, "సాకు పాపా, ఇంక నా చేత కాదు" అన్నాడు. కన్నడంలో చాలు అనడానికి సాకు అంటారు, మా ఇంట్లో ఆ మాట ఆయన ఎప్పుడూ అన్నం దగ్గరే వాడేవాడు. ఆ వారమంతా ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఇంత కష్టపడి చేసిందంతా మన అంగడి కోసం కాకపోతే ఎవరి కోసం అని లోపల ఉడికిపోయాను.

నిజం చెప్పిన పుణ్యాత్మురాలు జిగణి నుంచి వచ్చింది. కూతురి పెళ్ళికి చీర తెచ్చి, నాయన బయట ఉన్నప్పుడు నా చేత ముక్క తీయించుకుని వెళ్ళిన ఆమె. నెమలికంఠం చీర. నేనూ పద్ధతి ప్రకారం గడప దాటి, వీధిలో పట్టి చూసే ఇచ్చాను. ఇప్పుడు కుట్టించిన జాకెట్టు, చీర, రెండూ తెచ్చి బల్ల మీద పడేసింది. చీరేమో నెమలికంఠమంట, జాకెట్టేమో ఉత్త నీలమంట. నేను రెండూ తీసుకుని వీధిలోకి నడిచి పట్టి చూపించాను. అచ్చం ఒకటే రంగు. చూడమ్మా, ఎక్కడుంది తేడా అని కాస్త పొగరుగానే అడిగాను. ఆమె నాతో వాదించలేదు. నా ముంజేయి పట్టుకుని వీధి చివరికంటా నడిపించింది. గుడ్డ ఆగిపోయే చోటు అది. అక్కడ ఎండలో చీర విప్పింది. చీర పచ్చ మీద మెరుస్తోంది, జాకెట్టు నీలంగా ఉంది. నాకే నవ్వొచ్చేంత తేడా. ఆ పచ్చనంతా మా ఉల్లిపొర నీడ మింగేసింది.

తలెత్తితే నాలుగు అడుగుల అవతల మా నాయన. టీ బంకు ఆయన వేసిన స్టూలు మీద ఒక చెయ్యి ఆన్చి, ఇంకో చేత్తో ఎవరిదో మామిడిపండు రంగు చీర ఎండకు పట్టి చూస్తున్నాడు. పక్కన మిగతా మూడు అంగళ్ళ వాళ్ళు, వాళ్ళ భుజాల మీద గుడ్డలు. నన్ను చూసి అందరూ ఒక్కసారిగా తప్పు చేసినట్టు చూపులు తిప్పుకున్నారు.

మా అంగడి నుంచి అక్కడికి మూడు వందల అడుగులు పైనే. పోవడం ఒకసారి, రావడం ఒకసారి, రోజుకు ఎన్ని చీరలైతే అన్ని సార్లు. ఆ మోకాళ్ళతో రెండు నెలలుగా నడుస్తున్నాడు. నేనేమో కబుర్లకు పోతున్నాడని తీర్మానం పెట్టాను.

"గుడ్డ ఎక్కిన రోజే తెలిసింది కదా నాయనా నీకు? ఒక్క మాట చెప్తే ఏం పోయేది?" అన్నాను.

ఆయన చీర మడత పెడుతూ తాపీగా అన్నాడు. "ఏడాది నవ్వలేదు కదా పాపా నువ్వు. ఆ గుడ్డ కట్టినాక నవ్వితివి. ఎట్ల చెప్పేది? వీళ్ళకూ నేనే చెప్పొద్దంటి. వానలకు దింపుతారులే, అంతవరకు నడుస్తాం అనుకుంటిమి. ఏడాదంతా ఉంటాదంటివి. ఇంక నాకు కాళ్ళు ల్యావు."

జిగణి ఆమె ముందే, టీ బంకు ముందే ఏడ్చేశాను. అంగడిని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ, పాపా, నువ్వు తప్పు చేశావు అనడానికి ఆయనకు నోరు రాలేదు. కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు. నేను అంత పెళుసుదాన్ని అనుకున్నాడా? కానీ ఏడాది పాటు నా కంచం నా ముందు పెట్టిన మనిషికి నేను అలా కనపడకపోతే ఇంకెలా కనపడతాను!

మర్నాడే మీటింగు పిలిచి, తప్పు నాదని నేనే చెప్పాను. గుడ్డ దింపేద్దామంటే టీ అంగళ్ళవాళ్ళు, గాజులవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ మాటా న్యాయమే, జనం వస్తున్నది దాని కోసమే కదా. అధ్యక్షుడు చాలాసేపు గడ్డం గోక్కుని, మొత్తం దింపడమెందుకమ్మా, మీ నాలుగు అంగళ్ళ ముందర కత్తిరించేస్తే సరిపోదా అన్నాడు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూశారా! పాలమూరు ఆయన నిచ్చెన ఎక్కాడు, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. మా గడప ముందు ఒక మంచమంత ఎండ పడింది. కవర్లాయనకు ఆ సాయంత్రమే కబురు పంపమన్నాడు నాయన, అంగడి ఇవ్వడంలేదని.

జిగణి ఆమెకు కొత్త ముక్క ఇవ్వాలి. నాయన అంగడిలో తన స్టూలు మీంచి లేవలేదు, నువ్వే చూడు అన్నాడు. నేను మూడు ముక్కలు తీసి, చీరతో కలిపి భుజాన వేసుకుని, రెండు అడుగులు వేసి ఎండలో నిలబడ్డాను. ఆటో ఒకటి వెనక హారన్ కొడుతూనే ఉంది. మధ్య ముక్క సరిగ్గా సరిపోయిందనిపించింది. ఇదే అని ధైర్యంగా ఎత్తి పట్టుకున్నాను.

"కాదు పాపా," అన్నాడు నాయన లోపలి నుంచి, వీధంతా వినపడేలా. "తప్పు. ఇంకొక పిసరు పచ్చ ఉండాల. మళ్ళా చూడు."